ఏడో ఊ

ఇంజను మూసే ముందు మేస్త్రికి ఒక అలవాటు ఉంది. బేరింగుల మీద నూనె పోస్తూ, పుస్తకంలో రాసిన కొలతలు ఒక్కొక్కటే పైకి చదువుతాడు. ఆ కొలతలు తీసినవాళ్లు పక్కనే నిలబడి, కథ వింటున్నట్టు ప్రతి అంకెకీ ఊ కొట్టాలి. ఊ అంటేనే ఆ బేరింగు మీద మూత దిగుతుంది. ఎందుకీ తతంగం అని ఎవరైనా అడిగితే, "రాసేటప్పుడు నిద్రమత్తులో ఉన్నా, వినేటప్పుడైనా మెలకువ రాకపోతుందా అని" అంటాడు.

కొలతలు తీసేది ఆయన కూతురే. లారీలు బాగుచేసే ఆ షెడ్డులో అందరూ ఆ పిల్లని దశాంశం అని పిలుస్తారు. ఆ పేరు పెట్టింది మేనమామ. మొదటిరోజు "ఎంత వచ్చిందే?" అని అడిగితే, బళ్లో పాఠం అప్పజెప్పినట్టు చేతులు కట్టుకుని "సున్నా దశాంశం సున్నా ఆరు" అందట. అంతే, పేరు జిగురులా అంటుకుపోయింది. మేస్త్రికి దూరాన వచ్చే లారీ నంబరు స్పష్టంగా కనిపిస్తుంది. చేతిలో పట్టుకున్న కొలత కాగితం మీది సన్నగీతలు మాత్రం అలుక్కుపోతాయి. మూడేళ్లుగా ఆ సన్నగీతలు చదివే పని ఆమెదే. పుస్తకంలో అంకెలు కూడా ఆయన చెయ్యి చాచి పట్టుకుంటే కనిపించేంత పెద్దవిగా రాస్తుంది.

ఆ గురువారం మూస్తున్నది మేనమామ లారీ ఇంజనే. దాన్ని తలకిందులుగా స్టాండు మీద బిగించారు. ఇంజను నడుమ తిరిగే ఇరుసు, క్రాంకు షాఫ్టు, పైకి కనిపిస్తూ తళతళలాడుతోంది. దాన్ని మోసే బేరింగులు ఏడు.

"ఐదు. పాయింట్ జీరో ఏడు," అన్నాడు మేస్త్రి.

"ఊ."

"ఆరు. పాయింట్ జీరో ఆరు."

"ఊ."

"ఏడు. పాయింట్ జీరో ఆరు."

ఊ వినబడలేదు. నూనె డబ్బా గాల్లోనే ఆగింది.

"ఏమే, నిద్రపోయావా?"

"ఊ."

మేనమామ పకపకా నవ్వాడు. "చూడు బావా, నిద్రపోయావా అంటే ఊ అంటోంది! దీన్ని నమ్ముకుని నేను కొండెక్కాలా?"

"నువ్వు కాసేపు నోరు మూసుకోరా," అన్నాడు మేస్త్రి. "సరిగ్గా చెప్పవే. ఏడోది, ఆరు."

"ఊ నాన్నా," అంది దశాంశం.

ఏడో మూత దిగింది. బోల్టు చాలినంత బిగిసిందని చెబుతూ టార్క్ రెంచి టక్కుమంది. ఆ చప్పుడు ఆమె పక్కటెముకల మధ్య ఎక్కడో తగిలింది. ఎందుకంటే ఆమె ఏడో బేరింగుని కొలవలేదు.

జరిగింది ముందురోజు మధ్యాహ్నం.

బేరింగుకీ షాఫ్టుకీ మధ్య సందు కొలవడానికి సన్నటి ఆకుపచ్చ దారం ఒకటి వస్తుంది. అది మైనం కాకపోయినా షెడ్డులో మైనపు దారమనే అంటారు. షాఫ్టుని నూనె లేకుండా తుడిచి, దాని మీద ఒక ముక్క పొడవుగా పెట్టి, మూత బిగించి, మళ్లీ విప్పితే దారం నలిగి పట్టీలా అవుతుంది. దారం వచ్చిన కాగితపు తొడుగు మీదే గీతలు అచ్చువేసి ఉంటాయి. పట్టీ ఏ గీత వెడల్పుకి సరిపోతే అంత సందు ఉన్నట్టు. సందు మరీ ఇరుకైతే నూనె దూరక లోహం లోహం కరుచుకుంటాయి. మరీ వదులైతే నూనె నిలవక ఇంజను లోపల కొట్టుకోవడం మొదలవుతుంది. ఈ ఇంజనుకి మిల్లీమీటరులో నూరో వంతులు ఐదు నుంచి తొమ్మిది దాకా ఉండవచ్చు. ఇంతా చేసి గుర్తుంచుకోవలసింది ఒక్కటే. దారం లోపల ఉండగా షాఫ్టుని కదిలించకూడదు. మూడేళ్ల కిందట మేస్త్రి ఆమెకి నేర్పిన మొదటి మాట అదే.

బుధవారం మేస్త్రి లేతు దుకాణానికి వెళ్తూ తొడుగులోంచి దారం బయటికి లాగి, చేత్తో కొలిచి, "ఏడు ముక్కలకి సరిగ్గా వస్తుంది. పారెయ్యకు," అని చెప్పి వెళ్లాడు. దశాంశం మూడు బేరింగులు కొలిచేసింది. నాలుగోదానికి దారం పెట్టి మూత బిగించింది. మేనమామ బోర్లించిన డ్రమ్ము మీద కూర్చుని కబుర్లు చెబుతున్నాడు.

"ఇంత ఇనప దుంగ తిరగాలంటే ఏనుగుని కట్టాలేమోనే."

"ఏనుగెందుకు మామయ్యా? నా చిటికెన వేలు చాలు."

"కోతలు కొయ్యకు."

"చూడు మరి!"

పరాయివాళ్ల ముందు నోరు విప్పని పిల్ల మేనమామ దగ్గర మాత్రం గొప్పలు పోతుంది. చివరనున్న చక్రం అంచు మీద వేలు పెట్టి నొక్కింది. షాఫ్టు వెన్నలా, గోరంత తిరిగింది. మేనమామ ఈల వేశాడు. అప్పుడు గుర్తొచ్చింది ఆమెకి, లోపల దారం ఉందని.

మూత విప్పి చూస్తే దారం, ఏడ్చిన కంటి కాటుకలా పక్కకి చెదిరిపోయి ఉంది. మేనమామకి అదేమిటో తెలియదు కాబట్టి చూసినా పట్టించుకోలేదు. ఆమె దాన్ని గోటితో గీకి, నూనె గుడ్డతో తుడిచి, ఇంకో ముక్క పెట్టి మళ్లీ కొలిచింది. ఏడు వచ్చింది. ఐదోదీ ఆరోదీ అయ్యాక చూస్తే తొడుగు ఖాళీ. లోపలికి ఊదింది. అడ్డంగా చించి వెలుగుకి పట్టింది. ఏమీ లేదు.

సాయంత్రం మేస్త్రి రాగానే "ఒక ముక్క చెడిపోయింది నాన్నా" అంటే సరిపోయేది. కానీ ఎలా చెడిపోయిందని అడుగుతాడు. అడిగితే, మేనమామ ముందు వేలితో షాఫ్టు తిప్పి చూపించానని చెప్పాలి. ఆ మాట తలుచుకుంటేనే ఆమె చెవులు వేడెక్కాయి. ఆరోది ఆరు వచ్చింది కదా, పక్కనే ఉన్నదానికి తేడా ఎందుకొస్తుంది, లేతు అతను షాఫ్టుని అన్ని చోట్లా ఒకే రోజు ఒకే రాయి మీద సానపెట్టాడు కదా అని తనకి తానే సర్దిచెప్పుకుంది. పుస్తకంలో ఏడు ఎదురుగా ఆరు రాసింది. ఆ అంకె మిగతావాటికంటే కూడా గుండ్రంగా, అందంగా కుదిరింది.

గురువారం సాయంత్రానికి ఇంజను లారీలో కూర్చుంది. శుక్రవారం పొద్దున్నే మేనమామ తాళం తిప్పాడు. ఒక దగ్గు దగ్గి, నల్లటి పొగ వదిలి, ఇంజను అందుకుంది. నూనె ఒత్తిడి చూపించే ముల్లు లేచి నిలబడింది. మేస్త్రి చెయ్యి గుడ్డతో తుడుచుకుంటూ మొదటిసారి నవ్వాడు. ఆమె తల్లి ఇంట్లోంచి టీ తెచ్చి తమ్ముడికి ఇచ్చి, "ఇక నా ప్రాణం కుదుటపడింది," అంది.

ఆవిడ మాటకి కారణం ఉంది. నెల కిందట ఇదే లారీ నిండు బరువుతో కొండ దారిలో ఎక్కుతుంటే ఇంజను పట్టేసి ఆగిపోయింది. బేరింగుకి నూనె అందలేదు. బండి వెనక్కి జారుతుంటే మేనమామ దాన్ని గట్టు వైపు తిప్పి ఆపి, చక్రాల కింద రాళ్లు పెట్టి, నాలుగు గంటలు అక్కడే కూర్చున్నాడు. ఆ మలుపులో ఒకవైపు గట్టు, రెండోవైపు లోయ. అప్పుడు విప్పిన బేరింగు ముక్క ఇంకా షెడ్డు కిటికీలోనే ఉంది. మీది పూత చిరిగి, కాలిన తోలులా నల్లబడి ఉంది. దశాంశం రెండు రోజులుగా ఆ కిటికీ వైపు చూడటం మానేసింది.

శనివారం పొద్దున మేనమామ మళ్లీ అదే కొండ దారిలో వెళ్లాలి. పలకరాళ్ల లోడు. అత్తయ్యని కూడా క్యాబిన్‌లో కూర్చోబెట్టుకుని వాళ్ల పుట్టింట్లో దింపుతానన్నాడు.

శుక్రవారమంతా దశాంశానికి ఎక్కడ చూసినా చప్పుడే. పంఖా తిరిగితే టకటకమన్నట్టు ఉంది. తల్లి బట్టలు కుడుతుంటే వెళ్లి మిషను మీద చెయ్యి పెట్టింది.

"అమ్మా, నీ మిషను లోపల కొట్టుకుంటోంది."

"నా మిషను లక్షణంగా ఉంది. నీ బుర్ర కొట్టుకుంటోందేమో చూసుకో."

మధ్యాహ్నం లారీ ఇంజను తిరుగుతుండగా పొడవాటి స్క్రూడ్రైవరు ఒక కొస ఇంజనుకి ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని ఒళ్లంతా చెవులు చేసుకుని వింది. బాగానే ఉన్నట్టుంది. మరుక్షణం బాగోలేనట్టుంది. మేస్త్రి అటు వెళ్తూ, "ఏమే, పాటలొస్తున్నాయా?" అన్నాడు. తర్వాత ఆయనే, "మైనపు దారం అయిపోయింది కదా, వచ్చే ఇంజనుకి ఒకటి తెచ్చి ఉంచు," అని పంపాడు. ఆమె తెచ్చింది. నాన్న పాత ఖాకీ చొక్కాని పని చొక్కాగా వేసుకునేది. ఆ జేబులోనే కొత్త తొడుగు పెట్టుకుని తిరిగింది. నడిచినప్పుడల్లా అది గరగరమంటూ గుర్తుచేస్తూనే ఉంది. దారం ఉంది, ఏడో బేరింగు మాత్రం నూనె నింపిన ఇంజను అడుగున దాక్కుంది.

రాత్రి కంచం ముందు మేస్త్రి, "ఈసారి ఇంజను చేతికి హాయిగా తిరిగింది. కొలతలు బాగా తీసింది పిల్ల," అన్నాడు. ఆ మాటకంటే చెంప పగలగొట్టినా బాగుండేదని ఆమెకి అనిపించింది.

శనివారం ఎనిమిది గంటలకి మేనమామ షెడ్డు ముందు లారీ ఆపాడు. ఉతికిన చొక్కా, తడి జుట్టు. అత్తయ్య ఒళ్లో సంచి పెట్టుకుని పైన కూర్చుని ఉంది.

"దశాంశం! ఇలా రా. ఒక కాగితం మీద ఆ ఏడు అంకెలూ రాసివ్వు."

"ఎందుకు మామయ్యా?"

"అద్దం మీద అంటించుకుంటా. కొండ మీద భయమేసినప్పుడు చదువుకోవడానికి."

"మీ మామయ్యకి భయమా?" అంది అత్తయ్య పైనుంచి. "నిన్న ఆ మలుపు పేరెత్తితే చేతిలో గ్లాసు వణికింది."

"పెళ్లాన్ని పక్కన కూర్చోబెట్టుకుంటే ఎవరికైనా వణుకుతుంది," అన్నాడు మేనమామ. అందరికంటే ముందు తనే నవ్వాడు. కాగితం ఆమె చేతిలో పెట్టాడు.

దశాంశం లారీ మెట్టు మీద కాగితం ఆనించి రాసింది. ఒకటి, ఆరు. రెండు, ఆరు. మూడు, ఏడు. నాలుగు, ఏడు. ఐదు, ఏడు. ఆరు, ఆరు. ఏడు అని రాసి గీత గీసింది. పెన్ను అక్కడే ఆగిపోయింది. ఈ కాగితం మలుపు దగ్గర మామయ్య కళ్లెదుట ఉంటుంది. ఆయన దీన్ని చదువుకుంటాడు.

"ఇదేంటే, ఏడోది రాయలేదు?"

"కొలవలేదు మామయ్యా."

అంత చిన్నగా చెప్పినా, పంపు దగ్గర సబ్బుతో చేతులు రుద్దుకుంటున్న మేస్త్రికి వినిపించింది. నురగ చేతులతోనే వచ్చాడు. కాగితం తీసుకుని, చెయ్యి చాచి దూరంగా పట్టుకుని చూశాడు.

"ఊ అన్నావుగా?"

"అన్నాను నాన్నా."

ఆమె అంతా చెప్పింది. వేలు, చెదిరిన దారం, ఖాళీ తొడుగు, ఆరోదాన్ని చూసి రాసిన ఆరు. చెబుతున్నంతసేపూ మేస్త్రి చేతుల మీది నురగ చుక్కలు చుక్కలుగా నేల మీద పడుతోంది. అరుస్తాడని ఎదురుచూసింది. అరవాలని కోరుకుంది కూడా.

"నూనె దించు," అన్నాడు. అంతే.

"బావా, తొమ్మిదిన్నరకి లోడు ఉంది," అన్నాడు మేనమామ.

"లోడు ఇంకో బండెక్కుతుంది. చెల్లాయిని దించు."

అత్తయ్య సంచితో కిందికి దిగి, ఎవరి ముఖమూ చూడకుండా ఇంట్లోకి వెళ్లింది. మేనమామ ఫోన్ చేసి లోడు వదులుకున్నాడు. తర్వాత దశాంశం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"బుధవారమే చెప్పి ఉంటే నేనే పరిగెత్తి తెచ్చేవాణ్ణి కదే దారం. వేలితో తిప్పమని ఎగదోసింది నేనేగా? నన్ను తిట్టినా పడేవాణ్ణి." ఇంటి వైపు చూసి, "మీ అత్తయ్యని ఎక్కించుకున్నానే," అన్నాడు.

ఆమె లారీ కిందికి దూరింది. బోల్టు విప్పితే నూనె తేనెరంగు తాడులా బేసిన్‌లోకి దిగింది. నిన్నే పోసిన కొత్త నూనె.

ఇంజను అడుగున నూనె నిలిచే చాంబరు దించేసరికి పదకొండయింది. తండ్రీ కూతుళ్లు లారీ కింద గోనెపట్టా మీద భుజం భుజం ఆనించి వెల్లకిలా పడుకున్నారు. షాఫ్టు తన బరువుకి కిందికి వేలాడితే దారం తప్పు చెబుతుంది. అందుకని మేస్త్రి చిన్న జాకీతో దాన్ని పైకి ఎత్తిపట్టాడు. దశాంశం ఏడో మూత విప్పింది. తుడిచింది. కళ్లలో నూనె చుక్క పడితే మోచేత్తో రుద్దుకుంది. జేబులోంచి కొత్త దారం తీసి, ముక్క కోసి పెట్టింది. మూత, రెంచి, టక్కు. మళ్లీ విప్పడం.

దారం పట్టీలా నలిగి, చక్కగా, తిన్నగా ఉంది. ఆమె కాగితం దాని పక్కన పెట్టింది. మేస్త్రి టార్చి పట్టుకున్నాడు.

"ఆరు," అంది. "నాన్నా, ఆరే వచ్చింది!"

మేస్త్రి తల ఎత్తి తనే చూడబోయాడు. కళ్లు చికిలించాడు, వెనక్కి జరిగాడు, మళ్లీ ముందుకి వంగాడు. ఇరుకులో చెయ్యి చాచే చోటు లేదు. కాసేపటికి టార్చి దించి, బయటికి వినిపించేలా పిలిచాడు.

"ఏరా, ఇలా రా. నువ్వూ ఒకసారి చూడు."

మేనమామ ఉతికిన చొక్కాతోనే పాకుతూ లోపలికి వచ్చాడు. "ఏది, ఈ గీతా? ఆరే బావా."

దశాంశం ఊపిరి వదిలింది. మూడు రోజుల బరువు గుండెల మీదనుంచి దిగబోయింది.

"ఒకటోది విప్పు," అన్నాడు మేస్త్రి.

"అది నిజంగానే కొలిచాను నాన్నా."

"ఏడోదీ కొలిచానన్నావు."

అందులో కోపం లేదు. ఉంటే పట్టుకుని ఏడవడానికైనా వీలుండేది. ఆమె ఒకటో మూత వైపు పాకింది. ఒక్కొక్కటీ విప్పడం, తుడవడం, దారం, రెంచి, మళ్లీ విప్పడం. కొలత కాగితం ముందు మేనమామ చేతికి వెళ్లేది. ఆయన చెప్పాకే ఆమెకి వచ్చేది. ఆరు. ఆరు. ఏడు. ఏడు. ఏడు. ఆరు. పుస్తకంలో ఎలా ఉందో అలాగే. మధ్యాహ్నం మూడు దాటింది. ఎవరూ అన్నం తినలేదు. తల్లి ఒకసారి వచ్చి వంగి, లారీ కింద బారుగా ఉన్న మూడు జతల కాళ్లని చూసి వెళ్లిపోయింది.

మూసేటప్పుడు మేస్త్రి పుస్తకం మేనమామ చేతికిచ్చి చదవమన్నాడు.

"ఒకటి. ఆరు."

దశాంశం నోరు తెరిచింది. కానీ ఆమెకంటే ముందే మేస్త్రి, "ఊ," అన్నాడు. ఆమె నోరు మూసుకుంది. ఏడింటికీ ఆయనే ఊ కొట్టాడు. ఆమె రెంచి పట్టుకుని, ఊ అన్నప్పుడల్లా ఒక మూత బిగించింది.

ఆదివారం పొద్దున మేనమామ మళ్లీ బయలుదేరాడు. అత్తయ్య పైకెక్కింది. దశాంశం పెన్ను పట్టుకుని, కాగితంలో ఖాళీగా ఉన్న ఏడో అంకె రాయడానికి దగ్గరికి వెళ్లింది. మేనమామ కాగితం చేతిలోనే ఉంచుకున్నాడు.

"ఉండనీలేవే. బావతో రాయిస్తాను."

మేస్త్రి కాగితాన్ని బానెట్టు మీద పెట్టి, ముఖం దూరంగా వెనక్కి పెట్టి రాశాడు. ఆయనకి గీత కనిపించలేదు. అంకె గీత మీదనుంచి పొర్లి, పక్కకి ఒరిగి, మిగతా ఆరింటికంటే రెండింతలు పెద్దదిగా వచ్చింది.

లారీ ఐదు రోజుల తర్వాత దుమ్ము కొట్టుకుని, క్షేమంగా తిరిగొచ్చింది. మేనమామ ఎప్పటిలాగే వీధి మొదట్లోనే హారను మోగించి, "దశాంశం! బతికొచ్చానే!" అని కేక పెట్టాడు. ఆమె నవ్వింది. అద్దం మీద కాగితం అలాగే ఉంది. ఆరు చిన్న అంకెలు, పొందిగ్గా. చివర ఒక పెద్ద అంకె, వంకరగా. ఆమె చూపు అక్కడికి వెళ్లి దిగిపోయింది.

తర్వాతి వారం ఇంకెవరిదో ఇంజను వచ్చింది. దారం కోస్తుంటే మేస్త్రి వెనకనుంచి, "ఎనిమిది ముక్కలు కొయ్యి. ఒకటి చెడిపోయేదానికి," అన్నాడు. ఆమె ఎనిమిది కోసింది. ఏదీ చెడిపోలేదు. మిగిలిన ముక్కని తొడుగులో పెట్టి ఆయనకి చూపించింది. ఆయన తల ఊపాడు.

మూసేరోజు ఆయన పుస్తకం తీసి, ఆమెని పక్కన నిలబడమన్నాడు. కానీ ఇప్పుడు అంకె చదివాక నూనె డబ్బా వైపు చూడడు. పుస్తకం దించి ఆమె ముఖంలోకి చూస్తాడు. అంత దగ్గర్లో ఆ ముఖం ఆయనకి ఎంత స్పష్టంగా కనిపిస్తుందో ఆమెకి తెలియదు.

"ఏడు. పాయింట్ జీరో ఎనిమిది."

ఆమె కళ్లు దించకుండా నిలబడింది.

"ఊ నాన్నా."

ఆయన ఇంకా చూస్తూనే ఉన్నాడు. ఆమె అలాగే నిలబడి, మూత దిగేదాకా ఎదురుచూసింది.